సమస్య ఇచ్చే సాఫ్ట్‌వేర్, పూరించే తాళం

డీటీపీ షాపుల్లో కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ లాంటి చిన్న ముక్క ఒకటి గుచ్చి ఉంటుంది, చూసే ఉంటారు. పేరు డాంగిల్. షాపువాళ్లు ‘లాక్’ అంటారు. అది తీసేస్తే సాఫ్ట్‌వేర్ పనిచేయదు.

తెలుగు శాఖ గోడపత్రికలో దీని గోల ఎందుకంటారా? మన 1957 కాపీరైట్ చట్టం లెక్కలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య కృతే! దొంగ కాపీ అని తెలిసీ వాడితే 3 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. కానీ చట్టం ప్రతి షాపుకీ వెళ్లి చూడలేదు కదా. అందుకే ఈ తాళం.

ఇది పనిచేసే తీరు అవధానం తెలిసిన మనకు సులభంగానే అర్థమవుతుంది. తాళంలోని చిప్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది బయటికి రాదు. సాఫ్ట్‌వేర్ పృచ్ఛకుడిలా ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను సమస్యగా ఇస్తుంది. తాళం తన రహస్యంతో లెక్క కట్టి జవాబు పంపుతుంది. అది సరిపోతేనే పని సాగుతుంది. నిన్నటి పూరణ బట్టీ పట్టినవాడు ఈరోజు సమస్యకు నిలవలేడు. అందుకే సీడీని ఎన్ని కాపీలు తీసినా లాభం లేదు.

1980లోనే కమడోర్ పెట్ కంప్యూటర్‌లో నడిచే వర్డ్‌క్రాఫ్ట్‌కు ఇలాంటి తాళం ఉండేది. తర్వాత ప్రింటర్ పోర్టుకు తగిలించేవి వచ్చాయి, ఆ తర్వాత యూఎస్‌బీవి.

అయితే పృచ్ఛకుణ్ణే సభలోంచి లేపేస్తే? సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్న అడిగే భాగాన్నే తీసేసే దొంగలూ ఉన్నారు. అందుకని తయారుచేసేవాళ్లు ప్రశ్నను చాలాచోట్ల పెడతారు. కొందరు ప్రోగ్రామ్‌లో కొంత భాగాన్ని తాళం లోపలే నడిపిస్తారు.

ఇందులో కొన్నవాళ్ల కష్టమూ ఉంది. హోసూరులో మా మామయ్యది డీటీపీ షాపు. మా అవ్వ పాడే నాట్ల పాటలు నేను రాసిస్తే ఆయన టైపు చేశారు, అరవై పేజీలు. ఇంతలో లాక్ పాడైంది. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్, సీడీ కూడా చేతిలోనే ఉంది, అయినా తెరుచుకోలేదు. కొన్నవాళ్లు బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని చట్టమే అంటుంది, కానీ తాళం లేని కాపీ దేనికి? ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ. “మన పాటలు మనకే చదివేదానికి కాలేదేమే!” అంది అవ్వ.

కారణం ఆ ఫాంటు. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదే తెలుగు రూపాలను కూర్చాయి. యూనికోడ్‌లో మాత్రం 1991 నుంచే తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలున్నాయి. అలా టైపు చేసింది ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది.

ప్రోగ్రామ్ రాసినవాళ్లు తమ కష్టానికి తాళం వేసుకోవడం న్యాయమే. మన రాత మాత్రం ఆ తాళం వెనక చిక్కుకోకూడదు. ఈ ఏడాది ప్రాజెక్టులకని చాలామందిమి అవ్వల దగ్గర, అత్తల దగ్గర పాటలు, సామెతలు సేకరిస్తున్నాం. షాపులో టైపు చేయిస్తే ప్రింటుతో పాటు యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి.