జీపు ఇరుసు మీద అంకెలు

గుడివాడ అవతల ఒక పల్లెటూరు. ఊరి చుట్టూ చేపల చెరువులు. వానాకాలం వస్తే చెరువు గట్లు బురద బురదగా ఉంటాయి. లారీ రాదు. ఆటో రాదు. నాలుగు చక్రాలూ లాగే జీపు అయితేనే గట్టు మీదికి ఎక్కుతుంది.

ఆ ఊళ్ళో ఒకాయనకు పాత మహీంద్రా జీపు ఉంది. చెరువులకు తవుడు బస్తాలు, చెక్క బస్తాలు తోలుతాడు. ఆ కిరాయి మీదే ఇల్లు గడుస్తుంది. ఆయన చదువుకోలేదు. ఆయన భార్య మాత్రం రాత్రి బడికి వెళ్ళింది. చదవడం, రాయడం నేర్చుకుంది. కూడికలు, భాగహారాలు కూడా వచ్చు.

ఒకరోజు ఆయన నిండా బస్తాలు వేసుకుని గట్టు ఎక్కబోయాడు. ముందు చక్రాల గేరు వేయడం మరిచిపోయాడు. బరువంతా వెనక చక్రాల మీద పడింది. వెనక టప్‌మని చప్పుడైంది. ఇంజను తిరుగుతోంది. గేరు పడుతోంది. కింద పొడుగు షాఫ్టు కూడా తిరుగుతోంది. బండి మాత్రం కదలదు. అప్పుడు ముందు చక్రాల గేరు వేశాడు. జీపు మెల్లగా కదిలింది. అలాగే ఇంటిదాకా తోలుకొచ్చాడు.

మేస్త్రీ వచ్చి చూశాడు. "వెనక ఎడమ ఇరుసు విరిగింది బాబాయ్" అన్నాడు.

మొదటి ప్రయాణం

మర్నాడు పొద్దున్నే ఆయన బస్సెక్కి బెజవాడ వెళ్ళాడు. ఆటోనగర్ గేటు దగ్గర దిగాడు. ఈ ఆటోనగర్ 1960లలో మొదలైంది. లారీ బాడీలు కట్టేవాళ్ళు, లేతు మిషన్ల వాళ్ళు, కొత్త సామాను కొట్లు, పాత సామాను కొట్లు వరసగా ఉంటాయి. అక్కడ దొరకని ఇనప సామాను ఉండదంటారు.

"మహీంద్రా జీపు వెనక ఇరుసు, ఎడమ చేతిది కావాలి" అని ఒక కొట్లో అడిగాడు.

"ఏ మోడలు బాబాయ్? ఎన్ని గాళ్ళు?" అని అడిగాడు కొట్టతను.

"పాత జీపేనయ్యా. అన్నీ ఒకటే కదా!" అన్నాడు ఆయన.

కొట్టతను ఒక ఇరుసు ఇచ్చాడు. ఆయన డబ్బు కట్టి ఇంటికి తెచ్చాడు. మేస్త్రీ బిగించబోయాడు. అది లోపలికి దూరలేదు. పాత ఇరుసు చివర 10 గాళ్ళు ఉన్నాయి. కొత్తదానికి 19 గాళ్ళు ఉన్నాయి.

ఆయన మళ్ళీ బెజవాడ పరిగెత్తాడు. కొట్టతను గోడ మీది బోర్డు చూపించాడు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని దాని మీద రాసి ఉంది. మొదటిరోజు కూడా ఆ బోర్డు అక్కడే ఉంది. ఆయనకు చదవడం రాదు. ఇరుసు డబ్బు పోయింది. రెండు రోజుల కిరాయి పోయింది.

బండి ఇరుసు వేరు, జీపు ఇరుసు వేరు

ఎడ్లబండి ఇరుసు తిరగదు. దాని మీద చక్రం తిరుగుతుంది. కందెన వేసి, శీల పెడితే చాలు. జీపు ఇరుసు అలా కాదు. ఇరుసే తిరుగుతుంది. తనతోపాటు చక్రాన్ని తిప్పుతుంది.

జీపు కింద పడుకుని చూడండి. రెండు చక్రాల మధ్య లావుపాటి గొట్టం ఉంటుంది. గొట్టానికి ఒకచోట గుమ్మడికాయ లాంటి గుండు ఉంటుంది. గుండు లోపల పెద్ద పళ్ళచక్రం ఉంటుంది. దాన్ని క్రౌను అంటారు. క్రౌనును తిప్పే చిన్న పళ్ళచక్రం పినియను. గుండు నుంచి రెండు వైపులకూ రెండు ఇరుసులు వెళతాయి.

పాత జీపుల్లో ఈ గుండు సరిగ్గా మధ్యలో ఉండదు. కుడివైపుకు జరిగి ఉంటుంది. కాబట్టి ఎడమ ఇరుసు పొడుగు. కుడి ఇరుసు పొట్టి. డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఏది ఎడమో, అదే బండికి ఎడమ.

జీపు పేరు చెబితే ఎందుకు చాలదు?

1941లో అమెరికాలో విల్లీస్ కంపెనీ సైన్యం కోసం జీపులు చేసింది. ఆ సైన్యపు జీపు క్రౌనుకు 39 పళ్ళు, పినియనుకు 8 పళ్ళు. తర్వాత జనం కోసం చేసిన సి.జె. 3బి జీపులో 43 పళ్ళు, 8 పళ్ళు పెట్టారు. మన దేశంలో 1940ల చివర బొంబాయిలో మహీంద్రా కంపెనీ జీపులు బిగించడం మొదలుపెట్టింది. తర్వాత ఎన్నో రకాలు చేసింది.

పాత జీపు చాలా చేతులు మారుతుంది. ఒకరు ఇంజను మారుస్తారు. ఇంకొకరు వేరే బండి ఇరుసు గొట్టం తెచ్చి బిగిస్తారు. కాగితాల్లో ఉన్న మోడలు ఒకటి, కింద ఉన్న ఇరుసు ఇంకొకటి కావచ్చు. అందుకే కాగితాన్ని నమ్మి కొనకూడదు. ఇనుము మీద ఉన్న అంకెను చదవాలి.

ఆమె రాసిన చీటీ

"ఏవండీ, ఈసారి అన్నీ రాసుకుని వెళదాం" అంది భార్య.

"నీకెందుకే ఇవన్నీ? బండి సంగతి నీకేం తెలుసు?" అన్నాడు ఆయన.

"బండి సంగతి తెలీదు. అంకెలు తెలుసు" అంది ఆమె.

మేస్త్రీ జీపు కింద టార్చిలైటు పట్టాడు. ఆమె పాత గుడ్డ కిరసనాయిలులో తడిపి గుండు కింది భాగం తుడిచింది. బురద, జిడ్డు పోయాయి. పోతపోసిన అంకె బయటపడింది. అది 44. అంటే స్పైసర్ 44 రకం ఇరుసు. ఈ రకంలోనే కాలాన్నిబట్టి 10 గాళ్ళవి, 19 గాళ్ళవి, 30 గాళ్ళవి వచ్చాయి. అందుకే 44 అని చెప్పినా చాలదు. గాళ్ళు కూడా లెక్కపెట్టాలి.

గాళ్ళు లెక్కపెట్టేటప్పుడు ఆమె మొదటి గాడికి సుద్దముక్కతో గుర్తు పెట్టింది. లేకపోతే ఎక్కడ మొదలుపెట్టామో మరిచిపోతాం. ఆ తర్వాత విరిగిన రెండు ముక్కలూ చేర్చి, టేపుతో పొడవు కొలిచి అంగుళాల్లో రాసింది.

మేస్త్రీ గుండు మూత విప్పాడు. అయ్యో! ఇరుసు ముక్క పళ్ళ మధ్య పడి నలిగింది. క్రౌను పళ్ళు మూడు విరిగాయి. ఇరుసు విరిగాక జీపును ఇంటిదాకా తోలడమే తప్పు. అలా తోలితే చక్రం ఊడి బయటికి వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు క్రౌను, పినియను కూడా కొనాలి. మూత బోల్టుకు చిన్న రేకు ముక్క ఉంది. దాని మీద 43, 8 అని కొట్టి ఉంది. క్రౌను అంచు మీద కూడా అవే అంకెలు ఉన్నాయి. ఆమె చీటీలో ఇలా రాసింది:

1. ఇరుసు రకం: 44. వెనకది.
2. వైపు: ఎడమ. పొడుగుది.
3. గాళ్ళు: 10.
4. క్రౌను పళ్ళు: 43.
5. పినియను పళ్ళు: 8.
6. పాత ఇరుసు ముక్కలు రెండూ వెంట తీసుకెళ్ళాలి.

రెండు ఇరుసులూ ఒకే లెక్కలో ఉండాలి

ఈసారి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆటోనగర్ వెళ్ళారు. వేరే కొట్లో చీటీ ఇచ్చారు. 10 గాళ్ళ ఇరుసు దొరికింది. పాత ముక్కల పక్కన పెట్టి చూశారు. సరిపోయింది.

"క్రౌను పినియను కొత్తది ఖరీదు ఎక్కువ పిన్నీ. 39, 8 పాతది ఉంది. సగం ధరకే ఇస్తాను" అన్నాడు కొట్టతను.

ఆయన చేయి జేబులోకి పోయింది. ఆమె ఆపింది. పలక లెక్క గుర్తు తెచ్చుకుని చీటీ వెనక భాగహారం చేసింది.

43 ÷ 8 = 5.375
39 ÷ 8 = 4.875

చక్రం ఒకసారి తిరగడానికి పొడుగు షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో ఈ లెక్క చెబుతుంది. నాలుగు చక్రాల గేరు వేసినప్పుడు ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. చక్రాలు 100 సార్లు తిరగాలంటే ముందు షాఫ్టు 537న్నర సార్లు తిరగాలి. వెనక 39, 8 వేస్తే వెనక షాఫ్టు 487న్నర సార్లే తిరగాలి. తేడా 50 చుట్లు! ఒక ఎద్దు ముందుకు, ఒక ఎద్దు వెనక్కు లాగినట్టు ఉంటుంది. టైర్లు అరిగిపోతాయి. గేరుపెట్టె పాడవుతుంది. గట్టి రోడ్డు మీద మరీ ప్రమాదం.

"మాకు 43, 8 కావాలి" అంది ఆమె.

కొట్టతను నవ్వాడు. "లెక్క మీదే కరెక్టు పిన్నీ" అని కొత్త జత తీశాడు. ఆమె క్రౌను మీది జత నంబరు, పినియను మీది జత నంబరు చదివింది. రెండూ ఒకటే. ఈ రెండింటినీ కలిపి అరగదీసి జత చేస్తారు. ఒక జతలోని క్రౌను, ఇంకో జతలోని పినియను కలపకూడదు. కలిపితే రొద చేస్తాయి. తొందరగా అరిగిపోతాయి.

రేకు ముక్క ఊడిపోతే?

ముందు ఇరుసు లెక్క మూత విప్పకుండానే తెలుసుకోవచ్చు. ఇది మేస్త్రీ దగ్గరుండి చేయించాలి. చదునైన నేల మీద జీపు నిలపాలి. ముందు చక్రాల గేరు తీసేయాలి. ముందు హబ్బులకు తాళం ఉంటే, ఆ తాళం వేయాలి. మిగతా మూడు చక్రాలకూ ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. ముందు చక్రం ఒక్కటే జాకీతో లేపాలి. జాకీ పక్కన స్టాండు పెట్టాలి.

ముందు షాఫ్టుకు సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. లేపిన చక్రాన్ని చేత్తో సరిగ్గా 2 చుట్లు తిప్పాలి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు చూడాలి. 5 చుట్లు దాటి ఇంకో మూడోవంతు పైన తిరిగితే 43, 8. 5 చుట్లకు కొంచెం తక్కువ అయితే 39, 8.

జాగ్రత్త! పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టుకోదు. వెనక పొడుగు షాఫ్టును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి గాలిలోకి లేపితే హ్యాండ్ బ్రేకు బండిని ఆపలేదు. రాళ్ళు పెట్టకుండా జీపు కిందికి ఎప్పుడూ వెళ్ళవద్దు.

పాత ఇరుసు కొనేటప్పుడు

- గాళ్ళు తిన్నగా ఉన్నాయా చూడండి. తాడులా మెలి తిరిగితే వద్దు.
- చదును బండ మీద దొర్లించండి. ఎగిరెగిరి పడితే వంగిందని గుర్తు.
- కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లండి. కాసేపటికి పొడి మీద తడి గీత కనిపిస్తే అక్కడ పగులు ఉంది.
- విరిగిన ఇరుసును వెల్డింగు చేయించి వేయకండి. మళ్ళీ విరుగుతుంది. బరువు మీద విరిగితే మనిషి ప్రాణానికే ముప్పు.
- బిగించే ముందు గుండు లోపలి ఇనప రజను అంతా కడిగించండి. కొత్త సీలు, కొత్త ఆయిలు వేయించండి.
- రసీదు అడగండి. సరిపోకపోతే మార్చి ఇస్తామని రసీదు మీదే రాయించుకోండి.

వారం తిరక్కుండా జీపు మళ్ళీ గట్టెక్కింది. ఆ చీటీని ఆమె పారేయలేదు. జీపు కాగితాలతోపాటు దాచింది. ఇప్పుడు ఆయన కూడా సాయంత్రం పలక పట్టుకుని కూర్చుంటున్నాడు. ముందుగా బోర్డులు చదవడం నేర్చుకుంటున్నాడు.

జవాబులు చెప్పండి

1. మొదటిసారి తెచ్చిన ఇరుసు ఎందుకు సరిపోలేదు?
2. పాత జీపులో ఎడమ ఇరుసు ఎందుకు పొడుగ్గా ఉంటుంది?
3. ముందు, వెనక ఇరుసుల లెక్క వేరైతే ఏమవుతుంది?

లెక్క చేయండి

ఒక ఇరుసులో క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 11 పళ్ళు ఉన్నాయి. చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు సుమారు ఎన్నిసార్లు తిరగాలి?

చేసి చూడండి

మీ ఇంట్లో సైకిలు, మోటారు, పంపు ఏది ఉన్నా దాని మీది అంకెలు తుడిచి చదవండి. ఒక కాగితం మీద రాసి దాచుకోండి. సెల్‌ఫోను ఉంటే ఫోటో కూడా తీయండి. కొట్టుకు వెళ్ళే రోజున పనికొస్తుంది.