లీటరా, కిలోనా? గానుగ నూనె, బెల్లం పాకం లెక్క

గానుగ నూనె అమ్మేవాళ్లు చాలామంది లీటరు, కిలో ఒకటేనంటారు. కాదండీ. నీళ్లకైతే ఒకటే. నువ్వుల నూనె నీళ్లకంటే తేలిక, లీటరు తూగేది సుమారు 915 గ్రాములే. 15 కిలోల డబ్బాలో 16.4 లీటర్ల దాకా ఉంటుంది. లీటరు 300 రూపాయలంటే కిలో 328 పడాలి. కిలో ధర తీసుకుని లీటరు సీసా ఇస్తే కొన్నవాళ్లకి 85 గ్రాములు తక్కువే!

మన అనకాపల్లి బెల్లం పాకం దీనికి తిరగబాటు. చిక్కదనాన్ని బట్టి లీటరు 1.35 కిలోల దాకా తూగుతుంది. పాకం కొనేటప్పుడు కిలో ధరా, లీటరు ధరా అని ముందే అడగండి.

మరి జీవామృతానికి 2 కిలోల బెల్లం బదులు పాకం ఎంత పొయ్యాలి? 2 కిలోలు తూచి పోస్తే తీపి తగ్గుతుంది, ఎందుకంటే పాకంలో పావు వంతు పైనే నీళ్లుంటాయి. 2 లీటర్లు పోస్తే 2.7 కిలోలు, ఇంచుమించు సరిపోతుంది.

మీ నూనె లెక్క మీరే తేల్చుకోవచ్చు. వీడియోలో చూపించినట్టు ఖాళీ గ్లాసు తూచండి, అంచుదాకా నీళ్లు పోసి తూచండి, తుడిచి నూనెతో తూచండి. గ్లాసు బరువు తీసేశాక నీళ్లు 250 గ్రాములు, నూనె 229 వచ్చాయనుకోండి. 229ని 250తో భాగిస్తే 0.916. లీటర్లను దీంతో గుణిస్తే కిలోలు, కిలోలను దీంతో భాగిస్తే లీటర్లు. ఎండాకాలం నూనె కాస్త వ్యాకోచిస్తుంది కాబట్టి తూచి అమ్మడమే మేలు.