పండుగ విందు – మితాహార నియమం

పాఠ్యభాగ ఉద్దేశం

శ్రావణమాసం మొదలుకొని సంక్రాంతి వరకు తెలుగువారి ఇళ్ళలో పండుగలు వరుసగా వస్తాయి. బరువు తగ్గడానికి ఆహార నియమం పాటిస్తున్నవారికి ఇది పరీక్షాకాలం. పండుగను వదులుకోకుండానే నియమాన్ని ఎట్లా నిలుపుకోవచ్చునో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారికి పండుగ అనగానే పిండివంటలు గుర్తుకు వస్తాయి. వినాయక చవితికి కుడుములు, ఉండ్రాళ్ళు, బతుకమ్మకు నువ్వుల సద్ది, మలీద, దీపావళికి మిఠాయిలు, సంక్రాంతికి అరిసెలు, సకినాలు, జంతికలు. పిండి కొట్టడం, పాకం పట్టడం, ఇరుగుపొరుగువారు కలిసి అరిసెలు వత్తడం కేవలం వంట పనులు కావు. అవి మనుషులను దగ్గర చేసే సందర్భాలు. అందువల్లనే విస్తరి ముందు కూర్చుని "నాకు వద్దు" అనడం అంత సులభం కాదు. ఆ మాట వంటకాన్ని కాదన్నట్లు కాక, వండిన చేతిని కాదన్నట్లు వినిపిస్తుంది.

అయినా వద్దనవలసిన అవసరం నేడు ఎందరికో ఏర్పడింది. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు మొదలైన కారణాలతో వైద్యుల సలహాపై బరువు తగ్గించుకుంటున్నవారు అనేకులు. నెలల తరబడి శ్రమించి నాలుగైదు కిలోలు తగ్గినవారు పండుగల నెలలో ఆ ఫలితాన్ని పోగొట్టుకుంటే, కోల్పోయేది బరువు లెక్క ఒక్కటే కాదు. తమపై తమకున్న నమ్మకం కూడా.

"మన తాతముత్తాతలు ఇవన్నీ తినలేదా?" అని కొందరు ప్రశ్నిస్తారు. తిన్నారు. కాని వారి జీవన విధానం వేరు. మెట్ట ప్రాంతాలలో జొన్న, రాగి, సజ్జలే నిత్యాహారం. చాలామందికి వరి అన్నమే పండుగ భోజనం. నెయ్యి, బెల్లం పొదుపుగా వాడేవారు. పొద్దుపొడుపు నుండి పొద్దుగూకే దాకా పొలంలో శ్రమించేవారు. పిండివంట ఏడాదికి కొద్ది దినాలే వారి నోటికి అందేది. నేడు మిఠాయి దుకాణం వీధి వీధినా ఉంది, శరీరశ్రమ తగ్గింది. కాబట్టి దోషం పండుగది కాదు, ప్రతిదినాన్నీ పండుగ చేసుకున్న మన అలవాటుది.

ఈ విషయాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. పిండిపదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకు 4 కిలో కేలరీల చొప్పున శక్తినిస్తే, కొవ్వు 9 కిలో కేలరీలు ఇస్తుంది. ఆవిరిపై ఉడికిన కుడుముకూ, నూనెలో వేగిన అరిసెకూ గల భేదం ఇందులోనే ఉంది. మన శరీరంలో ఒక కిలో కొవ్వు చేరడానికి సుమారు 7,700 కిలో కేలరీల అదనపు ఆహారం కావాలి. పండుగనాడు ఒకరు మామూలు కంటే 1,000 కిలో కేలరీలు ఎక్కువ తిన్నారనుకుందాం. ఆ ఒక్కరోజు వల్ల చేరే కొవ్వు 130 గ్రాములకు మించదు. కాని పండుగ వెళ్ళిన తరువాత డబ్బాలో మిగిలిన అరిసెలు, జంతికలు రోజూ 250 కిలో కేలరీల మేర నెలరోజులు తింటే, మొత్తం 7,500 అవుతుంది. అంటే దాదాపు ఒక కిలో. విస్తరి కంటే డబ్బాయే ప్రమాదకరమని దీనివల్ల తెలుస్తున్నది.

అమెరికాలో 195 మందిపై జరిపి 2000 సంవత్సరంలో ప్రకటించిన ఒక పరిశోధన కూడా ఇటువంటి హెచ్చరికే చేసింది. అక్కడి పండుగల కాలమైన నవంబరు మధ్య నుండి జనవరి మధ్య వరకు వారి బరువు సగటున 370 గ్రాములు పెరిగింది. ఇది స్వల్పమే. కాని తరువాతి నెలలలో అది చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఏటేటా ఇట్లా చేరిన గ్రాములే కాలక్రమంలో కిలోలవుతాయి.

మరి చేయవలసినదేమిటి? మొదటిది ఎంపిక. వడ్డించిన పది రకాలనూ తినవలసిన పని లేదు. ఏడాదికొకసారి మాత్రమే లభించే వంటకాన్ని ఎన్నుకొని, కొద్దిగా, నిదానంగా, రుచి తెలిసేటట్లు తినాలి. ఎప్పుడైనా దొరికే చిరుతిండిని విడిచిపెట్టాలి. పప్పు, కూర, పెరుగుపచ్చడి ముందుగా తింటే తీపి పదార్థాల వైపు చేయి అంతగా పోదు.

రెండవది, ఆకలితో విందుకు వెళ్ళకపోవడం. సాయంత్రం విందు ఉన్నదని పగలంతా పస్తుండేవారు తరువాత రెండింతలు తింటారు. "లంఖణం పరమౌషధం" అన్న సామెత దీనికి సమర్థన కాదు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఉపవాసం చేయడం ప్రమాదం. "కడుపు నిండితే గారెలు చేదు" అనే సామెతే ఇక్కడ దారి చూపుతుంది. బయలుదేరే ముందు గ్లాసు మజ్జిగ, ఒక పండు తీసుకుంటే చాలును.

మూడవది, మాట నేర్పు. "అత్తయ్యా, బొబ్బట్టు అమృతంలా ఉంది. ఒక్కటి తృప్తిగా తిన్నాను, ఇక చాలండి" అంటే ఏ ఇల్లాలూ నొచ్చుకోదు. "డాక్టరుగారు వద్దన్నారు" అని ముఖం చిట్లించి విస్తరి మడిస్తే ఎవరైనా నొచ్చుకుంటారు. వడ్డించేవారికీ ఒక బాధ్యత ఉంది. కొసరి కొసరి వడ్డించడం ప్రేమే. అతిథి ఆరోగ్యం ఎరిగి ఆగడం అంతకంటె గొప్ప ప్రేమ.

నాలుగవది, పంచిపెట్టడం. చేసిన పిండివంటలను బంధుమిత్రులకు, పనివారికి పంచడం మన సంప్రదాయమే. దానిని పాటిస్తే డబ్బా త్వరగా ఖాళీ అవుతుంది. పుణ్యమూ పురుషార్థమూ కలిసివస్తాయి.

చివరిది, మిక్కిలి ముఖ్యమైనది. ఒక పూట నియమం తప్పితే "ఎలాగూ తప్పింది కదా" అని నియమాన్నే విడిచిపెట్టరాదు. మరుసటి పూట నుండి తిరిగి కొనసాగించాలి. విందు మరునాడు తూకంలో ఒకటి, రెండు కిలోలు హెచ్చు కనిపించినా బెంబేలు పడనవసరం లేదు. ఉప్పు, పిండిపదార్థాల వల్ల శరీరంలో నిలిచిన నీరు అందులో అధికభాగం. వారానికొకసారి, ఒకే వేళలో తూచుకుంటే నిజం తెలుస్తుంది.

కడుపును మూడు భాగాలుగా భావించి, ఒక భాగం ఘనాహారానికి, ఒక భాగం ద్రవాహారానికి వినియోగించి, మూడవ భాగాన్ని వాతపిత్తశ్లేష్మాల సంచారానికి విడిచిపెట్టాలని చరకసంహిత బోధించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు కూడా కొవ్వు, చక్కెర, ఉప్పు పరిమితంగా వాడుమని, కూరగాయలు సమృద్ధిగా తినుమని చెబుతున్నాయి. కాలాలు వేరైనా ఉపదేశం ఒకటే. మితం అంటే లోభం కాదు; వచ్చే ఏటి పండుగను కూడా ఆరోగ్యంగా చేసుకోవాలన్న ముందుచూపు.

అర్థాలు

మితాహారం = తగినంత మాత్రమే తినడం
మాంసకృత్తులు = శరీర నిర్మాణానికి తోడ్పడే పోషకాలు
లంఖణం = ఉపవాసం, పస్తు
బెంబేలు పడు = కంగారు పడు
లోభం = పిసినారితనం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
పండుగ దినాలలో ఆహార నియమాన్ని నిలుపుకొనే మార్గాలను వివరించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. "దోషం పండుగది కాదు" అనడంలోని ఆంతర్యమేమి?
2. విస్తరి కంటే డబ్బా ఎందుకు ప్రమాదకరమో లెక్కతో చూపండి.

III. సొంతవాక్యాలలో ప్రయోగించండి
కొసరి కొసరి, ముందుచూపు, ముఖం చిట్లించు