ఊగే కారుకు మందు

ప్రశ్న: మా పాత ఆల్టో స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడు సార్లు ఊగుతోంది. గట్టి స్ప్రింగులు కొని ఇంట్లోనే వేసుకోవచ్చా?

జవాబు: స్ప్రింగుల జోలికి పోకండి. ఊపును ఆపేవి షాక్ అబ్జార్బర్లు. అవి పోయాక గట్టి స్ప్రింగులు వేస్తే మీ నడుముకే దెబ్బ. షాక్ అబ్జార్బర్ల మీద ఆయిల్ కారిన జిడ్డు ఉందేమో, రబ్బరు బుష్‌లు పగిలాయేమో చూడండి. వెనక షాకులు ఇంట్లో మార్చుకోవచ్చు, రెండూ ఒకేసారి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టి, యాక్సిల్‌కూ ఆసరా ఇచ్చాకే బోల్టులు విప్పండి. బుష్ బోల్టులను కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి (మెకానిక్కులూ కొందరు దీన్ని పట్టించుకోరు!). ముందువైపు మాత్రం వద్దు. అక్కడ స్ప్రింగు స్ట్రట్ మీద నొక్కుకుని ఉంటుంది, జారితే ప్రాణం మీదికొస్తుంది. అది మెకానిక్‌కే అప్పగించి, తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి.