టైటానిక్ నమూనా

చాలకాలము క్రిందట మా పాఠశాలలో జరిగిన ప్రదర్శనమునకు ఒక విద్యార్థి అట్టతోను, వెదురుపుల్లలతోను చేసిన ఓడ నొకదానిని తెచ్చెను. నల్లని అడుగుభాగము, తెల్లని అంతస్తులు, నాలుగు పొగగొట్టములు, ప్రక్కను ‘టైటానిక్’ అను పేరు. చూచిన వారెల్లరును మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని. ఆ వేసవి సెలవులలో ఆ ఓడను గూర్చి కొంత చదివిన పిమ్మటగాని అందలి పొరపాటులు నాకు తెలియలేదు.

టైటానిక్ ఓడను ఐర్లండు దేశమందలి బెల్‌ఫాస్టు నగరమున హార్లండ్ అండ్ వుల్ఫ్ అను సంస్థవారు నిర్మించిరి. దాని పొడవు 882 అడుగుల 9 అంగుళములు. 1912 ఏప్రిల్ 10వ తేదీన అది ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవునుండి న్యూయార్కునకు తన మొదటి ప్రయాణమును ప్రారంభించెను. 14వ తేదీ రాత్రి మంచుకొండను ఢీకొని, తెల్లవారకముందే అట్లాంటిక్ మహాసముద్రమున మునిగిపోయెను. ఇంచుమించు 1,500 మంది మరణించిరి.

ఆ ఓడకు నమూనాలు చేయువారు నేడు అనేక దేశములలో కలరు. 350వ వంతు కొలతతో చేసినచో నమూనా పొడవు 77 సెంటీమీటర్లగును. అందు మనుష్యుని ఎత్తు 5 మిల్లీమీటర్లు. ఇంతటి చిన్నవస్తువునందు కిటికీ ఎచ్చట నున్న నేమి యని మీ రడుగవచ్చును. తాళపత్ర గ్రంథమును పరిష్కరించు పండితుడు ఒక్క అక్షరమునకై పది ప్రతులను తిరుగవేయును గదా! వీరి శ్రమయు నట్టిదే.

టైటానిక్‌నకు ‘ఒలింపిక్’ అను అక్క ఓడ కలదు. అది 1911లోనే ప్రయాణములు ప్రారంభించి, 1935 వరకు తిరిగినది. కావున దాని ఛాయాచిత్రము లెక్కువ; వానినే టైటానిక్ చిత్రములని పలువురు పొరబడుదురు. రెంటికిని భేదము లేకపోలేదు. పైఅంతస్తులోని షికారువసారా ఒలింపిక్‌లో ఈ కొననుండి ఆ కొనవరకు తెరచియుండెను. టైటానిక్‌లో దాని ముందు సగమును కిటికీలతో మూసివేసిరి. టైటానిక్ సొంత చిత్రములు సైత మొక్కొకప్పుడు మోసపుచ్చును. 1911 మే 31న దానిని నీటిలోనికి దింపిననాడు, ముందుభాగమున ఎడమప్రక్క ఒక వరుసలో 14 గుండ్రని కిటికీలుండెను. ప్రయాణమునాటికి అవి 16 అయ్యెను. ఏనాటి ఓడను చేయుచున్నామో పనివాడు ముందుగా నిశ్చయించుకొనవలెను.

నాలుగవ పొగగొట్టమునకు బొయిలర్లతో సంబంధము లేదు. వంటశాలల పొగయు, లోపలి వేడిగాలియు దానిగుండ వెలువడుచుండెను. మా విద్యార్థి నాలుగింటిపైనను సమానముగా దూదిని అతికించెను. పేరుగల చిత్రకారులే ఆ తప్పు చేసియుండగా బాలు నననేల!

అన్నిటికంటె ముఖ్యమైనవి పడవలు. నమూనాలో ఒక్కొక్క పెద్దపడవ అంగుళముపాటి యుండును. టైటానిక్‌పై నున్నవి మొత్తము 20. అందు నాలుగు గుడ్డప్రక్కలుగల మడతపడవలు. 10,000 టన్నులకు మించిన ఓడ ఎంతపెద్దదైనను వ్రేలాడు పడవలు 16 ఉన్న చాలునని నాటి నిబంధన. టైటానిక్ 46,000 టన్నులకు పైబడినది. 20 పడవలలో పట్టువారు 1,178 మంది. ఆ రాత్రి ఓడలో నున్నవారు 2,200 మందికి పైగా. పడవలను దింపు ఇనుపకంబములు ఇంకను ఎక్కువ పడవలను మోయగలిగియుండెను. అయినను ప్రతి ప్రక్కను ముందు నాలుగు, వెనుక నాలుగు పడవలు మాత్రమే వ్రేలాడదీసి, నడుమ చాలదూరము ఖాళీగా విడిచిరి. అచ్చట ప్రయాణికులు షికారు చేయుచుండిరి. ప్రమాదము జరిగిన పిమ్మట ఒలింపిక్‌పై అందరికిని చాలునన్ని పడవలు చేర్చిరి.

మా విద్యార్థి ఆ తరువాతి చిత్రమును చూచి చేసెను కాబోలు, నమూనాపై ఈ చివరినుండి ఆ చివరివరకు పడవలను వరుసగా పేర్చెను. సెలవులు ముగిసిన వెంటనే నేనతనిని పిలిచి సంగతి చెప్పితిని. “ఖాళీగా నుండిన బాగుండదనుకొంటినండీ” అనెను. పిదప బీరువాలోని నమూనాను దించి, చిన్న కత్తితో నడుమనున్న పడవల నొక్కొక్కటిగా ఊడదీయసాగెను. 20 మిగులువరకు లెక్కపెట్టి, మిగిలినవానిని నా బల్లపై పోసెను.