వృత్తి - జ్వరము - మనస్సు
(రోగనిర్ణయమున ప్రజలు తెలిసికొనదగిన విషయములు)

ఆరోగ్యముతో పనిపాటలు చేసికొనుచున్న మనుష్యుడు హఠాత్తుగా అసంబద్ధముగా మాట్లాడినను, తనవారిని గుర్తింపలేకపోయినను, కారణము లేక నవ్వినను, ఏడ్చినను ఇంటివారు మొదట భయపడుదురు. పిమ్మట తమకు తోచిన పేరు దానికి పెట్టుదురు. గాలి సోకినదని కొందరు, చేతబడి యని కొందరు, పిచ్చి యెత్తినదని కొందరు చెప్పుదురు. వీనిలో ఏదియు రోగనిర్ణయము కాదు. మనస్సు చెదరుట ఒక లక్షణము మాత్రమే. దాని వెనుక సూక్ష్మజీవి వలన వచ్చిన జ్వరము ఉండవచ్చును. పనిచోట శరీరములో చేరిన విషము ఉండవచ్చును. లేదా పనిభారముచే కలిగిన మానసిక వ్యాధి యుండవచ్చును. ఈ మూడింటికి చికిత్సలు వేరు. మొదటి రెండింటియందు స్వల్పమైన ఆలస్యము కూడ ప్రాణాంతకము కావచ్చును.

1. అడుగవలసిన ప్రశ్న

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700వ సంవత్సరమున పనివారలకు కలుగు వ్యాధులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. రోగి నడుగవలసినవని ప్రాచీన గ్రీకు వైద్యులు చెప్పిన ప్రశ్నలకు ఆయన మరియొకటి చేర్చెను. రోగి చేయు వృత్తి యేమి అనునదే ఆ ప్రశ్న. నేటికిని దాని విలువ తగ్గలేదు. అడవిలో కట్టెలు కొట్టువాడు, బీటిలో గడ్డి కోయువాడు, ప్రత్తిచేనికి మందు కొట్టువాడు, గనిలో ధూళి పీల్చువాడు, రాత్రులు మేలుకొని యంత్రమునొద్ద నిలుచువాడు - వీరందరికి కలుగగల అపాయములు వేర్వేరు. పని తెలిసినచో ఏ పరీక్ష చేయవలెనో వైద్యునకు తోచును.

2. జ్వరము మనస్సును కలవరపెట్టు విధము

మలేరియా క్రిములలో ఫాల్సిపేరమ్ అను జాతి మిక్కిలి ప్రమాదకరమైనది. ఈ క్రిములు చేరిన ఎఱ్ఱ రక్తకణములు మెదడులోని సన్నని రక్తనాళముల గోడలకు అంటుకొని రక్తప్రసారమునకు అడ్డుపడును. అప్పుడు రోగి కలవరించును, వారింపబోయిన వారిపై తిరుగబడును. పిమ్మట మూర్ఛలు వచ్చి స్పృహ తప్పును. మైదాన ప్రాంతముల నుండి కూలికై అడవులకు, కొండలకు పోవువారిలో ఈ క్రిములను ఎదిరించు శక్తి తక్కువగా నుండును గనుక వారికి వ్యాధి తీవ్రమగును.

1880లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు మలేరియా క్రిమిని రోగి రక్తములో కనుగొనెను. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దానిని దోమ కడుపులో చూచెను. నాటి నుండి మలేరియాను ఊహించి చెప్పవలసిన అవసరము లేకపోయినది. వ్రేలి కొన నుండి తీసిన రక్తపుచుక్కను గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినితో చూతురు. మందపు పూత క్రిమి యున్నదో లేదో తెలుపును. పలుచని పూత దాని జాతిని తెలుపును. సూక్ష్మదర్శిని లేని గ్రామమున సత్వర పరీక్షా కిట్టు పదునైదు, ఇరువది నిమిషములలో ఫలితము నిచ్చును. ఒకసారి క్రిమి కనబడనంత మాత్రమున మలేరియా లేదని నిశ్చయింపరాదు. అనుమానము తీరనిచో మరల పరీక్షింపవలెను.

మలేరియా కాదని తేలినను జ్వరము, మతిభ్రమ ఉన్నచో స్క్రబ్ టైఫస్ అను వ్యాధిని స్మరింపవలెను. పొదలలోను గడ్డిలోను ఉండు నల్లి జాతి పురుగుల పిల్లలు కుట్టుటచే ఇది వచ్చును. టైఫస్ అను పేరు పొగ, మబ్బు అను అర్థము గల గ్రీకు పదము నుండి పుట్టినది. రోగి మనస్సు మబ్బు క్రమ్మినట్లుండుటయే దానికి కారణము. చంకలోనో, గజ్జలోనో, మొలత్రాటి క్రిందనో సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు గల మచ్చ యుండవచ్చును. అది నొప్పి లేనిది గనుక రోగి చెప్పడు, వెదకి చూడవలెను. రక్తపరీక్ష చేయించి, సకాలమున డాక్సిసైక్లిన్ అను మందు వాడినచో సాధారణముగా వ్యాధి కుదురును.

3. పనిచోటి విషములు

ఆర్గనోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు చర్మము ద్వారా కూడ దేహములో ప్రవేశించును. విపరీతమైన చెమట, నోట చొంగ, కంటిపాప చిన్నదగుట, కండరములు అదురుట, కంగారు, మతి తప్పుట దీని గుర్తులు. వెంటనే రోగిని చేను నుండి తప్పించి, బట్టలు విడిపించి, సబ్బుతో కడిగి ఆసుపత్రికి చేర్చవలెను. మందు డబ్బాను కూడ తీసికొనిపోవలెను.

మాంగనీసు ధూళి నెమ్మదిగా పనిచేయును. అది యేండ్ల తరబడి పీల్చిన వారిలో నిద్ర చెడి, నిష్కారణమైన నవ్వు, ఏడ్పు కలిగి, తరువాత నడక బిగుసుకొనిపోవును. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు గనులలో దీనికి మాంగనీసు పిచ్చి యని పేరు వచ్చినది. విజయనగరం, బాలాఘాట్ జిల్లాలలో మాంగనీసు గనులు కలవు. ఈ వ్యాధిని రక్తపరీక్ష యొక్కటే నిశ్చయింపజాలదు. రోగి ఎక్కడ, ఎన్ని యేండ్లు పనిచేసెనో తెలుపు వృత్తాంతమే ఇచ్చట ముఖ్యాధారము.

4. పనిభారము వలన కలుగు మనోవ్యాధి

క్రిమి గాని విషము గాని లేకుండ కూడ మనస్సు కుంగవచ్చును. విశ్రాంతి లేని పనిగంటలు, రాత్రి పాళీలు, పైవారి అవమానములు, రేపటి కూలి ఉండునో లేదో యను భయము, అప్పు - ఇవి నిజమైన కారణములు, సోమరితనము గాదు. దిగులు, అకారణ భయము అను రెండు వ్యాధుల వలననే ప్రపంచమున ప్రతి సంవత్సరము 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపినది. 2015-16లో భారతదేశమున జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో నూరుగురు వయోజనులలో సుమారు పదిమంది ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. దిగులును కనిపెట్టు రక్తపరీక్ష లేదు. రోగి చెప్పిన మాటయే వైద్యునకు ఆధారము. కావున అతడు సిగ్గుపడకుండ చెప్పుకొనునట్లు ఇంటివారు ఓర్పుతో వినవలెను.

5. చేయవలసినవి, చేయరానివి

(1) మతి చెదరిన వానికి జ్వరమున్నను, ఇటీవల జ్వరము వచ్చి యుండినను, ఆ దినముననే రక్తపరీక్ష చేయింపవలెను.

(2) అతడు చేయు పనిని, ఇటీవల తిరిగి వచ్చిన ప్రదేశమును వైద్యునకు తప్పక తెలుపవలెను.

(3) భూతవైద్యముతో కాలము గడపరాదు.

(4) గొలుసులతో బంధింపరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదము జరిగినప్పుడు, బంధింపబడి యుండుటచే తప్పించుకొనలేక ఇరువది యైదుగురికి పైగా మానసిక రోగులు మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టి బంధనమును నిషేధించినది.

(5) దిగులు, నిద్రలేమి రెండు వారములకు మించినను, చావు తలంపులు కలిగినను ఆలసింపక వైద్యుని చూడవలెను. 14416 అను టెలి మానస్ నెంబరునకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును.

పిచ్చి యని పేరు పెట్టి విడిచిన రోగి, ఒక రక్తపుచుక్క పరీక్షతో బ్రదికి తిరిగి పనిలోనికి పోగలవాడు కావచ్చును. కనుక పేరు పెట్టుటకు ముందు అతని పని నడుగుడు, పరీక్ష చేయింపుడు.