దానమునకు పాత్రులెవరు?

భగవద్గీత పదునేడవ అధ్యాయమున సాత్త్వికదానమునకు దేశము, కాలము, పాత్రము అను మూటిని చూడవలెనని చెప్పబడినది. వీనిలో దేశకాలములను గుర్తించుట అంత కష్టము కాదు. పాత్రము విషయముననే మంచి మనసు గలవారు సైతము పొరబడుదురు. నికోబారు దీవుల వృత్తాంతము ఇందుకు నిదర్శనము.

పోర్టు బ్లేయరునకు దక్షిణముగా కారు నికోబారు దీవి కలదు. అచ్చటి నికోబారీ ప్రజల ఉమ్మడి కుటుంబమునకు ‘తుహెత్’ అని పేరు. అది మన సమష్టికుటుంబము వంటిదే గాని అంతకంటె విశాలమైనది. భూమియు కొబ్బరితోటయు ఒక్కని సొత్తు గాక తుహెత్ సొత్తు. ఎవరి అక్కర ఎంతయో పెద్దలు చూతురు. జబ్బుపడినవాడు తోటపనికి పోలేడని వాని ఇంట పొయ్యి ఆరదు. వితంతువునకును, తండ్రి లేని బిడ్డకును వేరొక ధర్మసంస్థతో పని లేదు. ఇచ్చితినని ఒకడు గర్వింపడు. పుచ్చుకొంటినని వేరొకడు తల వంచడు. ఎండుకొబ్బరిని కొని, కావలసిన సరకులు అందించుటకు సహకార సంఘములును ఏర్పడినవి. వానిలో ‘ఎల్లన్ హినెంగో’ పెద్దది.

వెలుపలి దానము ఈ దీవికి క్రొత్త కాదు. 19వ శతాబ్దాంతమున క్రైస్తవ బోధకుడుగా వచ్చిన వి. సాలమన్ మూస్ గ్రామమున బడి పెట్టెను. ఆయన శిష్యుడైన జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో చదివి, దీవికి మరలివచ్చి ఉపాధ్యాయుడయ్యెను. 1952లో మొదటి లోకసభకు నియమింపబడెను. నేడు కారు నికోబారు ఆసుపత్రికి ఆయన పేరే. ఒక బాలునకిచ్చిన విద్య దీవికంతకును చెందెననవచ్చును.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చెను. ఎందరో మరణించిరి, ఊళ్ళు కొట్టుకొనిపోయినవి, తీరపు కొబ్బరితోటలు ఉప్పునీట నశించినవి, భూమియే కొంత క్రుంగెను. దేశము నలుమూలల నుండి సహాయము వెల్లువగా వచ్చెను. ఇచ్చినవారి హృదయమును శంకింపరాదు. కాని వారి లెక్కలో కుటుంబమనగా భర్త, భార్య, పిల్లలు మాత్రమే. పరిహారపు సొమ్ము ఆ లెక్కననే పంచబడెను. తుహెత్ అందులోనికి రాలేదు. పనిముట్లిచ్చిన చాలును, ఇండ్లు మేమే కట్టుకొందుమని పెద్దలు కోరిరట! వారికి దొరకినవి రేకుల ఇండ్లు. సముద్రపు గాలికి అలవాటుపడిన వారు ఆ రేకుల క్రింద ఎంత ఉడికిపోయిరో ఊహింపవచ్చును.

తరువాత జరిగినదానిని ఆ దీవులను చిరకాలము పరిశోధించినవారు వ్రాసిరి. చిన్న కుటుంబములు తుహెత్‌నుండి విడివడసాగెను. పెద్దల మాటకు బలము తగ్గెను. ఎన్నడును ఎరుగనంత నగదు చేతికి రాగా, అది మోటారుసైకిళ్ళకును టెలివిజన్లకును వ్యయమయ్యెను. ఇందుకు వారిని నిందించుట న్యాయము కాదు. మన ఊళ్ళలో భూమికి ఒక్కసారిగా పరిహారము ముట్టినచోట్ల ఇట్టివి చూడలేదా?

కొబ్బరిమొక్క నాటిన ఆరేడేండ్లకు గాని కాపు పట్టదు. ఆ నడిమి కాలమున ముసలివారిని, రోగులను, బడికి పోవు పిల్లలను ఆదుకొనవలసిన భారము పూర్వమువలె తుహెత్‌పైననే పడినది. దాని చేతికి మాత్రము పైకమేమియు రాలేదు.